సినిమా మ్యూజియంలో వెలివాడ ఎక్కడ?

చెన్నై వడపళనిలోని ఏవీఎం స్టూడియో ఆవరణలో 2023 మే నెలలో ఒక వారసత్వ మ్యూజియాన్ని తమిళనాడు ముఖ్యమంత్రి ఎం.కె. స్టాలిన్ ప్రారంభించారు. ఏ.వి. మెయ్యప్పన్ నెలకొల్పిన ఆ సంస్థ తెలుగువారికి పరాయిది కాదు. 1950లో 'జీవితం', 1958లో 'భూకైలాస్', 1987లో 'సంసారం ఒక చదరంగం' ఆ సంస్థ నుంచే వచ్చాయి. తెలుగు నటీనటులు, సాంకేతిక నిపుణులు, కార్మికులు తరతరాలుగా ఆ ఫ్లోర్లలో పనిచేశారు. ఇప్పుడు అక్కడ పాతకాలపు కార్లు, మోటారు సైకిళ్లు, చిత్రీకరణ పరికరాలు సందర్శకుల కోసం కొలువుదీరాయి. ఒక కుటుంబం తన జ్ఞాపకాలను భద్రపరచుకొని నలుగురికీ చూపించడంలో తప్పుపట్టవలసింది ఏమీ లేదు. స్టూడియోలను పడగొట్టి అంగడి సముదాయాలు కట్టడం కంటే అది ఎంతో మెరుగైన పని.

అయినా ఆ ఆవరణ ఒక ప్రశ్నను మన ముందుంచుతుంది. కారు అనగానే దాని యజమాని పేరు తోడుగా వస్తుంది. కెమెరా అనగానే ఛాయాగ్రాహకుని పేరో, నిర్మాణ సంస్థ పేరో గుర్తుకు వస్తుంది. ఆ కారును నడిపిన డ్రైవరు, ఆ కెమెరాను భుజాన మోసిన సహాయకుడు, ఆ వెలుగును పట్టుకొని గంటల తరబడి పైన పలకల మీద నిలబడిన లైట్‌బాయ్, సెట్టు వేసిన వడ్రంగి, షూటింగు ముగిశాక ఫ్లోరు ఊడ్చిన స్త్రీ ఏ వస్తువుతో గుర్తుండిపోతారు? 1952 నాటి 'పరాశక్తి' కోసం శివాజీ గణేశన్ తొలిసారి కెమెరా ముందు నిలబడిన చోట ఏవీఎం ఆవరణలో ఒక స్మారకం ఉంది. ఆ రోజు ఆయన ముఖం మీద వెలుగు పడేలా చేసిన కార్మికుని పేరు సినిమా చరిత్రలో ఎక్కడా లేదు. ఇది ఒక్క ఏవీఎం లోపం కాదు. మ్యూజియం అనే వ్యవస్థ స్వభావంలోనే ఈ పక్షపాతం ఉన్నది. ఆస్తి ఉన్నవారు వస్తువులను మిగిల్చిపోతారు; ఆస్తి లేనివారు శ్రమను మాత్రమే మిగిల్చిపోతారు. వస్తువులకు అద్దాల పెట్టెలు దొరుకుతాయి, శ్రమకు దొరకవు. ఆస్తి కులాన్ని బట్టి పంపిణీ అయిన దేశంలో జ్ఞాపకం కూడా కులాన్ని బట్టే పంపిణీ అవుతుంది.

తెలుగు సినిమా విషయంలో ఈ ప్రశ్నకు తొందర ఉన్నది. బి.ఎన్. రెడ్డి, మూలా నారాయణస్వామి పూనికతో మొదలై, నాగిరెడ్డి చేతిలో విస్తరించిన విజయా-వాహినీ ఒకనాడు ఆసియాలోనే అతిపెద్ద స్టూడియోగా పేరు పొందింది. ఇవాళ ఆ నేల మీద ఆసుపత్రి, షాపింగ్ మాల్ ఉన్నాయి. జెమినీ స్టూడియో పేరు ఒక వంతెన పేరుగా మాత్రమే చెన్నై జనం నోట మిగిలింది. 1936లో రాజమండ్రిలో నిడమర్తి సూరయ్య నెలకొల్పిన దుర్గా సినీటోన్ పుస్తకాలలో ఒక వాక్యంగా మిగిలింది. చిత్రాల సంగతి మరీ దయనీయం. భారతదేశంలో 1,300కు పైగా మూకీలు తయారైతే వాటిలో మిగిలినవి అతి స్వల్పం. 1921లో రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' మనకు దక్కలేదు. 1932 నాటి తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' కూడా దక్కలేదు. ముంబైలోని ఫిలిమ్స్ డివిజన్ ఆవరణలో, పాత గుల్షన్ మహల్‌తో కలిపి, దాదాపు 140 కోట్ల రూపాయలతో కేంద్ర ప్రభుత్వం నిర్మించిన జాతీయ భారతీయ చలనచిత్ర మ్యూజియం 2019 జనవరి 19న ప్రారంభమైంది. తెలుగు సినిమాకు ఆ స్థాయి మ్యూజియం తెలుగు నేల మీదనే రావాలన్న కోరిక సహజమైనది, సమంజసమైనది. అది వచ్చే ముందే దానిలో ఎవరికి చోటుండాలో తేల్చుకోవడం అవసరం. కట్టిన తరువాత గోడలను కదిలించడం కష్టం.

మంజీర తీరాన ఉన్న బీర్కూర్ వంటి ఊరి నుంచి బయలుదేరిన ఒక దళిత విద్యార్థి రేపు అటువంటి మ్యూజియంలో అడుగుపెట్టాడనుకుందాం. తన ఊరి జాడ అతనికి ఎక్కడ కనిపించాలి? బీర్కూర్ ఇప్పుడు కామారెడ్డి జిల్లాలో ఉన్నది. 2016 వరకు నిజామాబాద్ జిల్లాలో ఉండేది. ఆ ఉమ్మడి జిల్లా చిందు యక్షగానానికి పెట్టింది పేరు. మాదిగలను ఆశ్రయించి బతికిన చిందు కళాకారులు సినిమా పుట్టక ముందే రాత్రంతా ఊరిని మేలుకొలిపి కూర్చోబెట్టిన నటులు. వారే గాయకులు, వారే దర్శకులు, రంగు పూసుకొనేదీ వారే, కిరీటాలు చేసుకొనేదీ వారే. చిందుల ఎల్లమ్మ ఆ జిల్లా గడ్డ మీదనే తన జీవితమంతా ఆ కళకు అంకితం చేసింది. 2024లో జనగామ ప్రాంతానికి చెందిన చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చింది. తెలుగు టాకీ తన తొలి దశాబ్దంలో కథలనూ, నడకనూ, పద్యాలనూ తెచ్చుకొన్నది రంగస్థలం నుంచి, యక్షగానం నుంచి, హరికథ నుంచి. ఈ మూలాలను చెప్పేటప్పుడు మన చరిత్రకారులు సురభి నాటకాలనూ, పద్యనాటక సమాజాలనూ గౌరవంగా ప్రస్తావిస్తారు. అది న్యాయమే. కానీ చిందు, డక్కలి, బుడగ జంగం కళారూపాల దగ్గరికి వచ్చేసరికి 'జానపదం' అన్న ఒక్క మాటతో దాటవేస్తారు. ఒకరిది కళ, మరొకరిది కులవృత్తి అన్న విభజన అక్కడే స్థిరపడుతుంది.

ఈ విభజన పాతకాలపు ముచ్చట కాదు. డక్కలి కళాకారుడు దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెరతో 'భీమ్లా నాయక్' పాటకు గొంతునిచ్చారు. 2022లో పద్మశ్రీ అందుకొన్నారు. 2024లో ఆయన హైదరాబాద్ శివార్లలో కూలి పనికి వెళ్తున్న సంగతిని పత్రికలు రాయవలసి వచ్చింది. 2023లో వచ్చిన 'బలగం' పతాక సన్నివేశానికి ప్రాణం పోసింది బుడగ జంగం కళాకారుడు పస్తం మొగిలయ్య, ఆయన సహధర్మచారిణి కొమురమ్మ పాడిన పాట. ఆ పాట విని ఊళ్లకు ఊళ్లు కంటతడి పెట్టాయి. విడిపోయిన అన్నదమ్ములు కలిశారన్న వార్తలు కూడా వచ్చాయి. మొగిలయ్య మూత్రపిండాల వ్యాధితో పోరాడి 2024 డిసెంబరులో కన్నుమూశారు. పరిశ్రమలో కొందరు, ప్రభుత్వం ఆయనకు సాయం చేయకపోలేదు. సాయం వేరు, హక్కు వేరు. తన కళ వల్ల వచ్చిన విలువలో వాటా అడిగే స్థితిలో ఉన్న కళాకారుడికి దానంతో పని ఉండదు. మ్యూజియంలో ఆ కిన్నెరను అద్దాల పెట్టెలో పెట్టి, దాని కింద 'జానపద వాద్యం' అని రాస్తే అది చరిత్ర కాదు. ఆ వాద్యాన్ని ఎవరు తయారుచేస్తారు, దాని మీద ఏ ఇళ్ల ముందు ఏ కథ పాడతారు, ఆ పాట తెరకెక్కినప్పుడు ఎవరికి ఎంత దక్కింది అన్న మూడు సంగతులూ ఉంటేనే చరిత్ర.

దళిత ఇతివృత్తాన్ని తెలుగు సినిమా ఎప్పుడూ ముట్టుకోలేదని అనలేము. 1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశారు. కథ చలానిది, సంభాషణలు తాపీ ధర్మారావువి, ప్రధాన పాత్ర కాంచనమాలది. ఆలయ ప్రవేశం, కులాంతర ప్రేమ ఇతివృత్తాలుగా ఆనాడు అటువంటి చిత్రం రావడం సాహసమే. ఆ మరుసటి ఏడాది వచ్చిన 'రైతుబిడ్డ' జమీందారుల ఆగ్రహానికి గురై నిషేధాన్ని కూడా ఎదుర్కొన్నది. ఈ రెండు చిత్రాలను నిర్మించిన సారథి సంస్థ వెనుక ఉన్నది చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్. అదే చల్లపల్లి ఎస్టేటు భూముల కోసం వ్యవసాయ కార్మికులు సాగించిన పోరాటం కృష్ణా జిల్లా కమ్యూనిస్టు ఉద్యమ చరిత్రలో ముఖ్యమైన అధ్యాయం. ఆ కుటుంబ పెట్టుబడితోనే తరువాత హైదరాబాద్ అమీర్‌పేటలో సారథి స్టూడియో వచ్చింది. 1959లో 'మా ఇంటి మహాలక్ష్మి' అక్కడ తయారైంది.

ఈ వరుసను ఒక మ్యూజియం ఎలా చెప్పాలి? 'మాలపిల్ల' పోస్టరును అందంగా చట్రం కట్టించి 'సంఘసంస్కరణ చిత్రం' అని రాయడం ఒక పద్ధతి. కథ రాసినవారు, తీసినవారు, డబ్బు పెట్టినవారు అందరూ మాలవాడకు బయటివారేనని, ఆ డబ్బు భూమి నుంచి వచ్చిందని, ఆ భూమి మీద పనిచేసినవారిలో మాలమాదిగలు ఉన్నారని, అయినప్పటికీ ఆ చిత్రం తన కాలానికి ముందడుగు అని కలిపి చెప్పడం మరొక పద్ధతి. రెండవ పద్ధతి రామబ్రహ్మం గౌరవాన్ని ఏమాత్రం తగ్గించదు. ఆయన పనిచేసిన పరిధులు తెలిసినప్పుడే ఆయన సాహసం ఎంతటిదో కూడా తెలుస్తుంది. కృష్ణా, గోదావరి డెల్టాల వ్యవసాయ మిగులు సినిమా పెట్టుబడిగా మారిన క్రమం తెలుగు సినిమా చరిత్రకు పునాది. ఆ పునాదిని చూపని మ్యూజియం పై అంతస్తులను మాత్రమే చూపుతుంది.

ఇక వస్తువే మిగలనివారి సంగతి. మలయాళ సినిమాకు తొలి కథానాయిక పి.కె. రోసీ. జె.సి. డేనియల్ తీసిన 'విగతకుమారన్'లో ఈ దళిత స్త్రీ ఒక నాయర్ యువతి పాత్ర ధరించింది. దానిని సహించలేని అగ్రకుల ప్రేక్షకులు దాడికి దిగారు. ఆమె ఊరు విడిచి పారిపోవలసి వచ్చింది. చిత్రం ప్రతి మిగలలేదు. డేనియల్ పేరిట కేరళ ప్రభుత్వం దశాబ్దాలుగా అత్యున్నత సినీ పురస్కారం ఇస్తున్నది. రోసీని తిరిగి వెలికితీసింది మాత్రం దళిత కార్యకర్తలు, పరిశోధకులు, ఆ తరువాత మహిళా చిత్రకారిణులు. వారు ఆమె పేరిట ఫిలిం సొసైటీ పెట్టుకొన్నారు, చలనచిత్రోత్సవం జరుపుకొంటున్నారు. తెలుగులో రోసీలు లేరా? కళావంతుల కుటుంబాల నుంచి వచ్చిన ఎందరో స్త్రీలు తొలి దశాబ్దాల రంగస్థలానికీ తెరకూ గొంతును, అభినయాన్ని ఇచ్చారు. గౌరవ కుటుంబాల స్త్రీలు తెర మీదికి రావడానికి వెనుకాడిన రోజులలో వీరు లేకపోతే తెలుగు టాకీకి కథానాయికలు కరువయ్యేవారు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ అంకిత నిషేధ చట్టం చేసింది. నిజామాబాద్ ప్రాంతంలో దళిత బాలికలను బలిగొన్న జోగినీ దురాచారంపై 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టం తెచ్చింది. ఈ రెండు చరిత్రలూ తెరకు అవతల కళ, కులం, స్త్రీ శరీరం ఎలా పెనవేసుకొన్నాయో చెబుతాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ప్రతి ఫొటో కింద కులం రాయడం నా ప్రతిపాదన కాదు. తమ గతాన్ని మరచిపోవాలనుకొన్న కుటుంబాలకు ఆ హక్కు ఉన్నది. అవమానం మోసినవారి అనుమతి లేకుండా వారి కులాన్ని గోడకెక్కించడం మరొక అవమానమే అవుతుంది. చూపవలసింది వ్యక్తుల కులాలను కాదు, వ్యవస్థ పనితీరును. ఎవరికి పెట్టుబడి అందింది, ఎవరికి పాత్ర దొరికింది, ఎవరికి గుర్తింపు దక్కింది, ఎవరి పేరు టైటిల్ కార్డులో పడలేదు అన్నవి సామాజిక ప్రశ్నలు. వాటికి ఎవరి గౌరవాన్నీ దెబ్బతీయకుండా సమాధానం చెప్పవచ్చు.

'కళకు కులమేమిటి?' అన్న ఆక్షేపణ తప్పక వస్తుంది. ఆ మాటలో ఒక సత్యాంశం ఉన్నది. శ్రీలంక తమిళ పండితుడు కార్తిగేసు శివతంబి 1981లో గుర్తించినట్టు, అన్ని కులాలవారూ ఒకే కప్పు కింద కూర్చొని చూసిన తొలి ప్రదర్శనశాల సినిమా హాలే. గుడి గడప దాటనివ్వని ఊరిలో నేల టికెట్టు కొన్నవాడిని హాలు లోపలికి రానిచ్చింది. తెలంగాణ పల్లెలలో డేరా టాకీసుకు దళితులు ఉత్సాహంగా వెళ్లడం వెనుక ఈ అనుభవం కూడా ఉన్నది. అయితే తెర ముందు దొరికిన ఆ సమానత్వం తెర వెనుక దొరకలేదు. టికెట్టు కొనడానికి కులం అడ్డు రాలేదు. కథ చెప్పడానికి, పెట్టుబడి తేవడానికి, కథానాయకుడు కావడానికి అడ్డు వచ్చింది. కళకు కులం లేదన్న వాదన నిజం కావాలంటే ఈ రెండవ గడప కూడా తొలగాలి. అంతవరకు ఆ వాదన ఉన్న అసమానతకు తెరగా మాత్రమే పనిచేస్తుంది.

మరో దేశపు అనుభవం ఇక్కడ పనికివస్తుంది. లాస్ ఏంజెలిస్‌లో 2021 సెప్టెంబరులో అకాడమీ మ్యూజియం తెరుచుకొన్నది. హాలీవుడ్‌లో విస్మరణకు గురైన జాతులకు చోటివ్వాలన్న పట్టుదల దానిలో కనిపించింది. 1898 నుంచి 1971 వరకు నల్లజాతి సినిమా చరిత్రను చెప్పే పెద్ద ప్రదర్శనను 2022లో ఏర్పాటు చేసింది. అదే సమయంలో స్టూడియోలను స్థాపించిన యూదు వలసదారుల కథ ఏదన్న విమర్శ వచ్చింది. 2024లో వారి గురించి శాశ్వత ప్రదర్శన పెట్టారు. దానిలోని వ్యాఖ్యల భాష కించపరిచేలా ఉందని మళ్లీ నిరసన రాగా, మ్యూజియం ఆ వ్యాఖ్యలను సవరించింది. స్థాపకులు, విస్మృతులు ఇద్దరూ మ్యూజియంలో ఉండగలరని, గోడ మీది ప్రతి వాక్యం ప్రజల విచారణకు లోబడే ఉంటుందని ఈ ఉదంతం చెబుతున్నది. ప్రజల ప్రశ్నకు వాక్యం మార్చుకోవడం వల్ల ఆ మ్యూజియం స్థాయి తగ్గలేదు.

తెలంగాణ ప్రభుత్వం నంది పురస్కారాల స్థానంలో గద్దర్ పేరిట చలనచిత్ర పురస్కారాలను నెలకొల్పి, 2025 జూన్‌లో తొలిసారి ప్రదానం చేసింది. తూప్రాన్‌లో దళిత కుటుంబంలో పుట్టి, 'మాభూమి'లో గొంగడి భుజాన వేసుకొని పాడిన కవిగాయకుని పేరు పరిశ్రమ అత్యున్నత గౌరవానికి పెట్టడం చరిత్రాత్మకమే. ఆ పేరు బరువుకు తగిన పని కూడా జరగాలి. ఆ పురస్కారం వచ్చిన సంవత్సరమే, ఆగస్టులో, తెలుగు సినీ కార్మికులు 30 శాతం వేతన పెంపు కోరుతూ సమ్మెకు దిగారు, షూటింగులు ఆగిపోయాయి, ప్రభుత్వం జోక్యం చేసుకొంటే గాని పరిష్కారం కుదరలేదు. వేదిక మీద గద్దర్ పేరు, వేదిక కింద కూలి రేటు కోసం పోరాటం. ఈ రెండింటినీ ఒకే చరిత్రగా చదవగలిగిన మ్యూజియం మనకు కావాలి. నిజామాబాద్ జిల్లా నుంచే వచ్చిన, 'బలగం' నిర్మాణంతో అనుబంధం ఉన్న దిల్ రాజు 2024 డిసెంబరులో రాష్ట్ర చలనచిత్రాభివృద్ధి సంస్థ అధ్యక్షులుగా నియమితులయ్యారు. ఆ సంస్థ తలచుకొంటే ఈ పనికి పూనుకోవడం అసాధ్యం కాదు.

చేయవలసిన పని స్పష్టంగానే ఉన్నది. మొదటిది, మద్రాసు నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చిన పాతతరం కార్మికుల మౌఖిక చరిత్రలను వెంటనే రికార్డు చేయాలి. కోడంబాక్కంలోనూ, మణికొండ చిత్రపురి కాలనీలోనూ ఉన్న లైట్‌మెన్, మేకప్ సహాయకులు, దుస్తుల విభాగం వారు, జూనియర్ ఆర్టిస్టులు, డ్రైవర్లు, వంటవారు సజీవ గ్రంథాలయాలు. వారిలో చాలామంది వృద్ధులు. మ్యూజియం భవనం పూర్తయ్యేవరకు ఈ పని ఆగదు. విశ్వవిద్యాలయాల చరిత్ర, సామాజిక శాస్త్రం, జర్నలిజం శాఖల విద్యార్థులకు దీనిని పరిశోధనగా అప్పగించవచ్చు. రెండవది, స్టూడియోల హాజరు పట్టీలు, కూలి రసీదులు, యూనియన్ కార్డులు, సమ్మె కరపత్రాలను సేకరించాలి. ఒక తార ధరించిన పట్టుచీరకు ఎంత విలువ ఉన్నదో, ఆ చీర ఇస్త్రీ చేసిన మనిషి రోజుకూలి రసీదుకూ చరిత్రలో అంతే విలువ ఉన్నది.

మూడవది, చిందు, డక్కలి, బుడగ జంగం వంటి కళారూపాలకు కేటాయించే విభాగాన్ని ఆ సమూహాల కళాకారుల చేతనే రూపొందింపజేయాలి, నడిపింపజేయాలి. అక్కడ ప్రదర్శించే ప్రతి పాటకు, ప్రతి రికార్డుకు వారికి పారితోషికం చట్టబద్ధంగా అందాలి. నాలుగవది, పరిశ్రమను మద్రాసు నుంచి రప్పించడానికి ప్రభుత్వాలు ఇచ్చిన స్థలాల, రాయితీల వివరాలు మ్యూజియంలో ఒక పత్రంగా ఉండాలి. అది ఎవరినీ నిందించడానికి కాదు. ప్రజల సొమ్ము పాలుపంచుకొన్న చరిత్ర మీద ప్రజలకు హక్కు ఉన్నదని గుర్తుచేయడానికి. అయిదవది, మ్యూజియం పాలకమండలిలో నిర్మాతల, తారల వారసులతో సమానంగా కార్మిక సంఘాల ప్రతినిధులు, దళిత బహుజన చరిత్రకారులు, స్త్రీలు ఉండాలి. గోడ మీద ఏమి రాయాలో నిర్ణయించే చోట లేనివారు గోడ మీద కూడా ఉండరు.

ఇవేవీ భారీ వ్యయంతో కూడినవి కావు. సంకల్పం కావాలి, ఒత్తిడి కావాలి. ఒత్తిడి తేవలసింది ముఖ్యంగా విద్యార్థులు. అభిమాన సంఘాలలో తారల కటౌట్లకు పాలాభిషేకాలు చేసిన చేతులలో అధికభాగం దళిత, వెనుకబడిన కులాల యువకులవే. ఆ సినిమాను నిలబెట్టిన టికెట్టు డబ్బులోనూ వారి వాటా ఉన్నది. ఆ వాటాకు తగిన చరిత్ర అడగడం వారి హక్కు. బీర్కూర్ నుంచి వచ్చిన విద్యార్థి ఆ మ్యూజియంలో తన ఊరి చిందు కళాకారుని పేరు, తన వాడ నుంచి మద్రాసు రైలెక్కిన లైట్‌మెన్ పేరు చదవగలిగిన రోజున అది తెలుగు సినిమా మ్యూజియం అవుతుంది. అంతవరకు కొన్ని కుటుంబాల ఆస్తి ప్రదర్శనగానే మిగిలిపోతుంది.